పళ్ళెంలో నాటినది: బోన్సాయ్ మాటలకు వ్యాఖ్యానం

బోన్సాయ్ అంటే ఏమిటని ఎవర్నడిగినా 'పొట్టి చెట్టు' అంటారు. ఆ రెండు మాటల్లో ఏదీ అసలు పదంలో లేదు. పొట్టి అన్న మాట లేదు, చెట్టు అన్న మాటా లేదు. ఉన్నవి వేరే రెండు: 'బోన్', 'సాయ్'. ముందు వాటిని విడదీసి చూసి, తర్వాత ఈ పనిలో బతికే జపాన్ వాళ్ళు రోజూ వాడే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను. తొందరపడితే వీటిలో సగం అర్థం జారిపోతుంది కనుక నిదానంగానే వెళ్దాం.

పలకడంలో ఒక పొరపాటు ఉంది, దాన్ని మొదటే తీసేయాలి. కొందరు 'బాంజాయ్' అంటారు. అది వేరే మాట. 'పదివేల ఏళ్ళు' అని దాని అర్థం. వర్ధిల్లాలని కోరుతూ జపాన్ వాళ్ళు ఎలుగెత్తి చేసే జయధ్వానం. చెట్లతో దానికి సంబంధం లేదు.

'బోన్' అంటే అంచు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పాత్ర. అనగా పళ్ళెం, తాంబాళం వంటిది. కుండీ అనేస్తే లోతు స్ఫురిస్తుంది. ఇక్కడ లోతు లేకపోవడమే ముఖ్యం. లోతుగా ఉండే పాత్రకు వాళ్ళకు 'హాచి' అని వేరే మాట ఉంది. పూర్వం ఈ చెట్లను 'హాచి నో కి', అంటే కుండీలోని చెట్టు, అనే పిలిచేవారు. 'నో' అనే జపాన్ పాత నాటక సంప్రదాయంలో ఆ పేరుతో ఒక నాటకం కూడా ఉంది. మంచు కురిసే రాత్రి ఇంటికి వచ్చిన బాటసారి సన్యాసికి చలిమంట వేయడానికి ఇంట్లో కట్టెలుండవు. బీదవాడైన ఆ ఇంటి సమురాయ్ తాను పెంచుకున్న ప్లమ్, చెర్రీ, పైన్ చెట్లు మూడింటినీ నరికి మంటలో వేస్తాడు. ఆ మూడు చెట్ల వెనక ఎన్నేళ్ళ చాకిరీ ఉందో తెలిసినవాడికే ఆ మంట వేడి తగులుతుంది.

మాటా, పనీ రెండూ చైనా నుంచి జపాన్‌కు వచ్చినవే. అవే అక్షరాలను చైనాలో 'పెన్‌జాయ్' అని చదువుతారు. యువరాజు జాంగ్‌హువాయ్‌ది 706 నాటి సమాధి. దాని గోడల మీద, చిన్న చెట్లూ రాళ్ళూ అమర్చిన పళ్ళేలను చేతులతో పట్టుకొని నిలబడ్డ పరిచారకుల బొమ్మలున్నాయి. అప్పటికే అది రాజగృహాల్లో మామూలు వస్తువన్నమాట.

'సాయ్' అంటే నాటడం. నాటి వదిలేయడం కాదు, నాటి సాకడం అన్నంతవరకూ దాని అర్థం సాగుతుంది. ఆ అక్షరంలో చెట్టును సూచించే రూపం ఒకటీ, ఆయుధాన్ని సూచించే రూపం ఒకటీ కనిపిస్తాయి. అది చూసి 'చెట్టును కోయడమే బోన్సాయ్' అని అర్థం లాగేవాళ్ళున్నారు. ఆయుధం ఉన్న భాగం అక్కడ పలుకుబడి కోసం వచ్చినది. దాన్ని పట్టుకొని అర్థం తీయకూడదు. కనుక బోన్సాయ్ అంటే 'పళ్ళెంలో నాటి సాకడం'. అనగా ఆ పదం చెప్పేది వస్తువును కాదు, పనిని. పని ఆగిపోతే, కాగితం మీద ఆ మాట ఉన్నా, పళ్ళెంలో బోన్సాయ్ ఉండదు. ఈ వ్యాఖ్యానంలో తక్కిన మాటలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

తెలుగులో దీనికి రెండు పేర్లు వాడుతున్నాం: మరుగుజ్జు చెట్టు, వామనవృక్షం. రెండూ ఒకటే అనుకుంటాం, కావు. మరుగుజ్జుతనం పుట్టుకతో వచ్చేది, విత్తనంలోనే ఉండేది. బోన్సాయ్ విషయంలో అది అబద్ధం. పళ్ళెంలో అరవై ఏళ్ళు పెరిగిన పైన్ చెట్టు కాయలోని గింజ తీసి నేలలో వేస్తే అడవిలో పెరిగేంత పైన్ చెట్టే లేస్తుంది. ఆ ముసలి చెట్టునే నేలలో నాటినా మళ్ళీ సాగుతుంది. వామనుడి సంగతి వేరు. అతడి పొట్టితనం ధరించిన రూపం. త్రివిక్రముడు లోపలే ఉన్నాడు. కాబట్టి 'వామనవృక్షం' అన్నవాడు, తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గాని, ఖచ్చితంగా అన్నాడు. మరుగుజ్జు చెట్టు అన్న పేరు మానేద్దాం.

మరి ఆ రూపం ఎలా నిలుస్తుంది? ఎరువు వేయకుండా, నీళ్ళు తగ్గించి, చెట్టును మాడుస్తారని చాలామంది నమ్మకం. మాడ్చిన చెట్టు చిన్నగా ఉండదు, చచ్చిపోతుంది. జరిగేది ఇది. చెట్టు కొనచిగురు నుంచి ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగుతూ, పక్క కణుపుల్లోని మొగ్గలను లేవనీయకుండా ఆపుతుంది. కొన తుంచితే ఆ అదుపు పోతుంది, పక్క మొగ్గలు లేస్తాయి. అంటే ఒక పొడుగాటి రెమ్మకు బదులు రెండు పొట్టి రెమ్మలు వస్తాయి. ఆ రెండింటినీ తుంచితే నాలుగు. కొమ్మల అల్లిక చిక్కనవుతుంది, ఆకు చిన్నదవుతుంది. వేళ్ళలోనూ ఇంతే. లావు వేరును కోస్తే కోసిన చోట పీచువేళ్ళ కుచ్చు పుడుతుంది. నీటిని పీల్చేది పీచువేళ్ళే గనక, వెడల్పాటి పళ్ళెంలో బెత్తెడు మట్టి కూడా చెట్టుకు సరిపోతుంది. ఆకులు రాల్చే చెట్లకు రెండు మూడేళ్ళకోసారి, ముసలి పైన్‌లకు ఇంకా ఎక్కువ వ్యవధితో, పళ్ళెంలోంచి తీసి వేళ్ళు కత్తిరించి కొత్త మట్టి పెడతారు. అనగా ఆ చెట్టుకు ప్రతి కొన్నేళ్ళకీ వేళ్ళ దగ్గర మళ్ళీ యౌవనం వస్తుంది. మాడ్చేవాడు ఇంత శ్రమ పడడు.

'నెబారి' తర్వాతి మాట. 'నె' అంటే వేరు, 'బారి' పరుచుకోవడం. మాను మొదట్లో మట్టిపైకి తేలి, నాలుగు దిక్కులా పాకి, నేలను పట్టుకున్నట్టు కనిపించే వేళ్ళు నెబారి. వీటిని ఊడలతో కలపకూడదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, పాలమూరు పిల్లలమర్రి అంత విరివిగా పరుచుకున్నది ఊడల వల్ల. ఊడ కొమ్మ నుంచి దిగి నేల తాకి మాను అవుతుంది. నెబారి మానునుంచే పక్కకు పోయేది. బోన్సాయ్ చూడవచ్చిన జపాన్ పెద్దలు ముందు ఆకులను చూడరు, వంగి మొదలు చూస్తారు. కొమ్మ తప్పుగా ఉంటే మార్చుకోవచ్చు: రాగి తీగతోనో అల్యూమినియం తీగతోనో చుట్టి వంచవచ్చు, కొత్త కొమ్మ పెంచవచ్చు, అంటు కట్టవచ్చు. నెబారి పుట్టుక దగ్గర తప్పితే సరిదిద్దడం చాలా కష్టం. ఆ పుట్టుక ఎక్కడో చివర్లో చెబుతాను.

'జిన్', 'షారి' అని రెండు మాటలున్నాయి. బెరడు పోయి తెల్లగా ఎండి నిలిచిన కొమ్మ జిన్; అలాగే ఎండిన మాను భాగం షారి. జునిపర్ చెట్లలో ఇవి ఎక్కువ. ఎండిన చెక్క పుచ్చకుండా గంధకం, సున్నం కలిపి కాచిన ద్రావణం పూస్తారు. షారి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అది మన 'శరీరం'. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, బుద్ధుడి ధాతువులు, అనగా దహనం తర్వాత మిగిలిన తెల్లని అస్థికలు, అన్న అర్థంలో నిలిచింది. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన రాతిపేటిక మీది శాసనంలో 'బుధసరీర' అని చెక్కింది ఈ అర్థంలోనే. కృష్ణా తీరాన రాతిపేటికలో దాచిన మాట, జపాన్‌లో ఒక తోటమాలి జునిపర్ మాను మీద తెల్లబడ్డ చెక్కను చూపించి అనే మాట ఒక్కటే. నాకు ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ షారి ఉన్న చెట్టు బొమ్మను తొందరగా తిప్పేయలేను.

ఇక ఈ కళలో నాకు అన్నిటికంటే బరువుగా తోచే మాట 'మోచికోమి'. 'మోచి' చేత పట్టుకోవడం, 'కోమి' లోపలికి. పట్టుకొని లోపలికి తీసుకురావడం అని మాటకు మాట అర్థం. బోన్సాయ్ వాళ్ళ వాడుకలో అది కాలానికి కొలత: చెట్టు పళ్ళెంలోకి వచ్చాక సాకుడులో గడిచిన ఏళ్ళు. చెట్టు వయసు వేరు, మోచికోమి వేరు. ఈ తేడా తెలియక ప్రదర్శనల్లో మోసపోయేవాళ్ళున్నారు. కొండరాతి పగుల్లో మూడువందల ఏళ్ళు బతికిన జునిపర్‌ను నిరుడు తవ్వి తెచ్చి పళ్ళెంలో పెడితే దాని వయసు 300, మోచికోమి 1. గింజ నుంచి పెంచిన ఎనభై ఏళ్ళ పైన్‌కు మోచికోమి దాదాపు ఎనభై. మోచికోమి ఎక్కువున్న చెట్టు బెరడు పొలుసులుగా విచ్చుకొని ఉంటుంది, కొమ్మకొసలు సన్నగా, కంగారు లేకుండా ఉంటాయి. ఆ నెమ్మది కత్తెరతో రాదు, తీగతో రాదు. ఎవరో ఒకరు ప్రతిరోజూ అక్కడ ఉండడం వల్ల వస్తుంది.

దీనికి ఉదాహరణగా ఒక చెట్టు చాలు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ అర్బొరేటమ్‌లో ఉన్న తెల్ల పైన్. దాన్ని పెంచడం మొదలైంది 1625లో. హిరోషిమాలో యమాకి అనే కుటుంబం తరతరాలుగా దాన్ని సాకింది. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి వాళ్ళ ఇల్లు సుమారు మూడు కిలోమీటర్ల దూరం. ఇంటి కిటికీల అద్దాలు పగిలి ఇంట్లోవాళ్ళకు గుచ్చుకున్నాయి. తోటగోడ చాటున ఉన్న చెట్టు నిలిచింది. 1976లో, అమెరికా స్వాతంత్ర్యం వచ్చి రెండువందల ఏళ్ళయిన సందర్భంగా జపాన్ 53 బోన్సాయ్‌లను కానుకగా పంపింది. తన వంతుగా మసారు యమాకి ఆ చెట్టునే ఇచ్చాడు. అది హిరోషిమా నుంచి వచ్చిన చెట్టని తెలిసినా, ఆ ఉదయాన్ని దాటి వచ్చిందన్న కథ అక్కడివాళ్ళ దాకా చేరలేదు. 2001లో యమాకి మనవళ్ళిద్దరు తాత చెట్టును చూడటానికి వచ్చి చెప్పాకే అది తెలిసింది. అంటే పాతికేళ్ళు వాషింగ్టన్ సంరక్షకులు ఆ కథ తెలియకుండానే దానికి నీళ్ళు పోశారు. మోచికోమిలో ఆ పాతికేళ్ళూ పూర్తిగా లెక్కకు వస్తాయి. చెట్టుకు కావలసింది ఎవరి చెయ్యి అన్నది కాదు, చెయ్యి ఖాళీ పడకుండా ఉండడం.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక అభ్యంతరం రావాలి, వస్తే న్యాయమే. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' కథ చదివినవాళ్ళకు ఈ మాట వినగానే, కుండీలో కుదించి పెంచిన ఆడపిల్ల బతుకు గుర్తుకొస్తుంది. ఆ కథ స్త్రీల గురించి చెప్పింది అక్షరాలా నిజం, దాన్ని చెట్ల పేరు చెప్పి తేలిక చేయను. మనిషిని పళ్ళెంలో పెట్టకూడదు. చెట్టు సంగతికి వస్తే, ఆ పోలికలో ఒక అంశం బోన్సాయ్‌కు సూటిగా వర్తిస్తుంది: పరాధీనత. నేలలో చెట్టు మనల్ని అడగదు. పళ్ళెంలో చెట్టు వేసవిలో రెండు రోజులు మరచిపోతే పోతుంది. ఈ పరాధీనతను బోన్సాయ్ వాళ్ళు దాచరు. దాన్ని ఒప్పుకున్నారు కనుకనే, తాము పోయాక ఎవరు అన్న ప్రశ్న ఈ కళలో మొదటి రోజు నుంచే ఉంటుంది. తక్కిన కళల్లో శిల్పి పోయినా శిల్పం ఉంటుంది.

'మిజుయారి సన్నెన్' అన్నది వాళ్ళ సామెత. 'మిజు' నీళ్ళు, 'యారి' ఇవ్వడం, 'సన్నెన్' మూడేళ్ళు. నీళ్ళు పోయడం నేర్చుకోవడానికి మూడేళ్ళు. దీన్ని శిష్యుణ్ణి సతాయించడానికి పెట్టిన గడువు అనుకునేవారున్నారు. కాదు. నీళ్ళు పోయడం అంటే మట్టిని చదవడం. మట్టి రంగు తడిలో ముదురు, ఆరితే లేత. గాలి ఉన్న రోజు ఒక వేగం, మబ్బు రోజు ఒక వేగం. పక్కపక్కనున్న రెండు పళ్ళేల్లో ఒకటి తాగుతుంది, ఒకటి తాగదు. ఒక ఋతువు ఒకసారి చూస్తే అది వింత, రెండోసారి పోలిక, మూడోసారికి గాని క్రమం కనబడదు.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. మా డాబా పిట్టగోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను వేళ్ళు తెగకుండా తీసి పళ్ళెంలో పెట్టుకున్నాను. ఆరేళ్ళకు మొదలు బొటనవేలంత అయింది. ఒక వానాకాలం పది రోజులు ఊరెళ్తూ, 'రోజూ పొద్దున్నే నీళ్ళు పొయ్యండి' అని పక్కింటి ఆవిడకు అప్పగించాను. వచ్చేసరికి ఆకులు పచ్చబడి రాలుతున్నాయి. మట్టి వేలితో నొక్కితే బురద. వేరు చిటికెనవేలితో లాగితే పైతోలు ఊడి చేతికొచ్చింది, లోపల గోధుమరంగు దారం. 'ఒక్కరోజూ తప్పలేదండీ, వాన పడ్డ రోజు కూడా పోశాను' అందావిడ. ఆవిడ తప్పేమీ లేదు. ఎప్పుడు పొయ్యాలో చెప్పాను, ఏం చూడాలో చెప్పలేదు. అప్పగింత అంటే వేళ చెప్పడం కాదు, చూపు ఇవ్వడం. దానికే వాళ్ళు మూడేళ్ళు పెట్టారు.

'దెషి' అంటే శిష్యుడు. గురువును 'ఒయాకాతా' అంటారు: 'ఒయా' తల్లి లేక తండ్రి, 'కాతా' గౌరవంగా 'వారు' అనడం. అనగా 'తండ్రిగారు' వంటి పిలుపు. దెషి ఆయన ఇంటిపట్టునే ఉండి పని చేస్తాడు. ఐదారేళ్ళు మామూలు గడువు. ఈ కాలపు బోన్సాయ్ శిల్పుల్లో అందరికంటే పేరున్న మసాహికో కిమురా పదిహేనేళ్ళ వయసులో ఒమియాలోని తోజూఎన్ తోటలో చేరి పదకొండేళ్ళు ఉన్నాడు.

ఒమియా పేరు వచ్చింది గనక: 1923 కాంటో భూకంపం తర్వాత టోక్యోలోని కొందరు బోన్సాయ్ పెంపకందారులు మంచి నీరూ, గాలీ, మట్టీ వెతుక్కుంటూ ఉత్తరాన ఒమియాకు తరలి, 1925లో అక్కడ ఒక ఊరే కట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఉండదలచినవాడికి నియమాలు పెట్టారు. పదికి తక్కువ కాకుండా బోన్సాయ్‌లుండాలి. రెండంతస్తుల ఇల్లు కట్టకూడదు. దడి పచ్చని మొక్కలదే కావాలి. వచ్చి చూసేవాళ్ళ కోసం గేటు తెరిచి ఉంచాలి. ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. తలుపు మూసుకున్న ఇంట్లో కళ కుటుంబానికే మిగులుతుంది. కుటుంబంలో ఇష్టమున్నవాడు లేకపోతే అక్కడితో సరి. ఆ ఊళ్ళోనూ ఒకప్పుడు ముప్పై దాకా ఉన్న తోటలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి.

'అతోత్సుగి' అంటే ఇంటిపనిని అందుకునేవాడు. మనం వారసుడు అనేస్తాం, సరిగ్గా సరిపోదు. వారసుడు అన్నది అరబ్బీ 'వారిస్' నుంచి వచ్చిన మాట. ఆస్తి హక్కును చెబుతుంది. హక్కు చావుతో క్షణంలో బదిలీ అవుతుంది. అతోత్సుగిలో 'అతో' అంటే అడుగుజాడ, వెనక మిగిలిన గుర్తు. 'త్సుగి' దాన్ని కొనసాగించడం. ఆ 'త్సుగు' అన్న క్రియే చెట్టుకు అంటు కట్టడానికీ వాడతారు: 'త్సుగికి', అంటే అంటుచెట్టు. తెల్ల పైన్‌లను చాలావరకు నల్ల పైన్ మొదలు మీదే అంటు కడతారు. అంటులో రెండు కోతలూ పచ్చిగా ఉండగానే ఒకదానికొకటి ఆనాలి. ఆరాక కట్టినా పట్టదు. ముసలి ఒయాకాతా చెయ్యి ఇంకా కత్తెర పట్టగలిగినప్పుడే కుర్రవాడు పక్కన ఉండాలనడం ఇందుకే.

అమెరికాలో పుట్టిన జాన్ నాకా చిన్నప్పుడు జపాన్‌లో తాత దగ్గర బోన్సాయ్ నేర్చాడు. తర్వాత అమెరికా తిరిగొచ్చి, 1948లో మొదలుపెట్టిన జునిపర్లతో ఒక వనం కూర్చాడు. పేరు 'గోషిన్', ఆత్మను కాచేది అని. మనవలు ఒక్కొక్కరికీ ఒక చెట్టు చొప్పున, మొత్తం పదకొండు. 1984లో దాన్నీ వాషింగ్టన్‌కే ఇచ్చేశాడు. మనవల పేర నాటినదాన్ని మనవలకే ఇవ్వలేదేమని అడగవచ్చు. పైన చెప్పిన లెక్కే: చెయ్యి ఖాళీ పడకూడదు.

చివరి మాట 'మిషో'. గింజ నుంచి లేచినది. నెబారి పుట్టుక చెబుతానన్నది ఇక్కడే. చలి తగ్గే వేళ నల్ల పైన్ గింజలు చల్లుతారు. కొన్ని వారాల్లో మొలక లేస్తుంది: అగ్గిపుల్లంత కాడ, దాని నెత్తిన గొడుగు ఊచల్లా ఏడెనిమిది సూది ఆకులు. కాడ కొంచెం గట్టిపడి ఇంకా లేతగా ఉన్నప్పుడే, పదునైన బ్లేడుతో ఆకులకింద కొంత కాడ ఉంచి అడ్డంగా కోస్తారు. తల్లివేరు మొత్తం పోతుంది. కోసిన కొసకు వేళ్ళు పుట్టించే మందు అద్ది తడి ఇసకమట్టిలో గుచ్చుతారు. కొన్ని పోతాయి. బతికినవాటికి కోత చుట్టూ, గడియారం అంకెల్లా, అన్ని పక్కలకూ వేళ్ళు వస్తాయి. యాభై ఏళ్ళ తర్వాత చూడవచ్చినవాళ్ళు వంగి చూసే నెబారి అదే. డెబ్భై దాటినవాళ్ళు కూడా ఏటా ఈ గింజలు చల్లుతారు. బ్లేడు పని చూపు బాగున్న కుర్రవాడికి అప్పగించి, తాము పక్కన కూర్చొని, ఎంత కాడ వదలాలో గోటితో చూపిస్తారు.